జాబితాలో పది పేర్లే వచ్చిన రోజు

మా లైబ్రరీ సార్ పోయారు. రెండు వారాల కిందటి ఆదివారం పొద్దున టీ వడకడుతుంటే వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, బాపు పోయిండు. నిద్రలనే" అని పెట్టేసింది. చేతిలో జల్లెడ అలాగే ఉండిపోయింది.

ఫోన్ మోగితేనే గుండె జారే మనిషిని నేను. ఇంట్లో అందరూ దానికి నన్ను ఆటపట్టిస్తారు. కానీ ఆ రోజు నాకు మొదట కలిగింది దుఃఖం కాదని ఒప్పుకోవాలి. భయం కలిగింది. నేను చేసిన ఒక పని ఈ లోకంలో ఇద్దరికే తెలుసు, ఆయనకూ నాకూ. ఆయన వెళ్ళిపోయాక అది నా ఒక్కదాని దగ్గరే మిగిలింది. దుఃఖం తరువాత, ఆయన ఇంటి ముందు చెప్పులు విడుస్తున్నప్పుడు వచ్చింది.

సార్ది మా కరీంనగర్ వైపే. చిన్న వయసులోనే సూరత్ వచ్చి పాండేసరలో మరమగ్గాల మీద, మావాళ్ళ మాటలో సాంచాల మీద, పని చేశారు. పగలు పని, మిగిలిన వేళ చదువు. ఉత్తరాల ద్వారా చదివే కోర్సులో గ్రంథాలయ శాస్త్రం పూర్తిచేసి, ఉధన దగ్గర ఒక సేఠ్ గారి ట్రస్టు నడిపే లైబ్రరీలో కుదురుకున్నారు. గుజరాతీ, హిందీ పుస్తకాలతో పాటు మా వాళ్ళ కోసం నాలుగు బీరువాల తెలుగు పుస్తకాలు కూడా ఉండేవి. సాంచాల మోతలో సగం చెవుడు వచ్చిన మగవాళ్ళు ఆ బీరువాల ముందు నిలబడి, గట్టిగా మాట్లాడుతున్నామని తెలియకుండా గట్టిగా మాట్లాడేవారు. సార్ కూడా అంతే. లైబ్రరీలో నిశ్శబ్దం పాటించాలని రాసిన బోర్డు కింద కూర్చుని అరిచినట్టే మాట్లాడేవారు.

1994లో సూరత్‌కు ప్లేగు వచ్చింది, దానికి ముందు ఏడాది ఆ లైబ్రరీకి కంప్యూటర్ వచ్చింది. లైబ్రరీలకు ఉచితంగా ఇచ్చే ఒక ప్యాకేజీ ఉండేది, నాలుగైదు ఫ్లాపీలూ, జిరాక్సు తీసిన ఒక లావుపాటి పుస్తకమూ. అది ఏదీ ముందే తయారుచేసి ఇవ్వదు. ఒక పుస్తకానికి ఏయే వివరాలు ఉండాలి, ఏ గడి ఎంత పొడవుండాలి, దేన్ని బట్టి వెతకాలి, అన్నీ మనమే గీసుకోవాలి. సార్ వాటిని చీర అంచుల డిజైన్లు గీసే గళ్ళ కాగితం మీద గీశారు. ఒక గడి చెరిపి, ఇంకో గడి పెంచి, చెవిలో పెన్సిల్ పెట్టుకుని నెల రోజులు తిరిగారు.

నన్ను టైపు కోసం పెట్టుకున్నారు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు, పెళ్ళయి రెండేళ్ళు. మా ఆయన సాంచాల మీదే పని. ఆ యంత్రమంటే నాకు ఒకటే దడ. ఏ మీట నొక్కితే ఏం పోతుందోనని వేళ్ళు గాలిలోనే ఉండేవి. సార్ కూడా తక్కువ భయస్తుడు కాదు. రోజూ చేసిన పనిని మూడు ఫ్లాపీలలోకి ఎక్కించి, ఒకటి బీరువాలో, ఒకటి తన ఇంట్లో, ఒకటి నా దగ్గర పెట్టించేవారు.

"భయపడేటోడే మంచిగ పని చేస్తడు బిడ్డా. ధైర్యమున్నోడు కాపీ తీయడు" అనేవారు.

పుస్తకాల వివరాలు అయ్యాక సభ్యుల వివరాలు కూడా అదే ప్యాకేజీలో ఎక్కించాం. ప్రతి సభ్యుడికీ ఒక నంబరు, ఆ నంబరుతో ఒక కార్డు. పుస్తకం ఇచ్చినప్పుడు ఆ నంబరు కొట్టాలి. అక్కడే నేను తప్పు చేశాను. మావాళ్ళు కార్డు తెచ్చేవారు కాదు. నూనె చేతులు తగిలి పాడవుతుందని, కంప్యూటర్‌లో అచ్చయిన తమ పేరని, దానికి బొట్టు పెట్టి దేవుడి పటం వెనక దాచుకునేవారు. ఉత్త చేతులతో వచ్చి పేరు చెప్పేవారు. నంబరు వెతకడం బద్ధకమై నేను ఆ గడిలో పేరే కొట్టేదాన్ని.

"పేరు కాదు బిడ్డా, నంబర్ కొట్టు. పేరు పదిమందికి ఉంటది, నంబర్ ఒక్కనికే ఉంటది" అని సార్ ఎన్నిసార్లు చెప్పారో.

ఆయన మాట నిజమే. మా జిల్లాల నుంచి వచ్చిన మగవాళ్ళ పేర్లు నాలుగైదే అన్నట్టు ఉండేవి. పైగా సూరత్‌లో పేరు చెప్పగానే అటక్ అడుగుతారు, అంటే ఇంటిపేరు. మా వాళ్ళు అసలు ఇంటిపేరు చెప్పకుండా అందరూ ఒక్క కులం పేరే చెప్పేవారు. అలా ఒకే పేరు, ఒకే అటక్ ఉన్న సభ్యులు మా లైబ్రరీలో పదకొండు మంది. అందులో మా ఆయన ఒకరు. ఆ పేరేమిటో ఇక్కడ కూడా రాయను. మా అత్తమ్మ పోయి ఇరవై ఏళ్ళయినా మొగుని పేరు నోటితో అనాలంటే నాకు నాలుక తిరగదు. కంప్యూటర్‌లో ఆ పేరు మొదటిసారి కొట్టిన రోజు చుట్టూ చూసి కొట్టాను.

ఇంకొక్క సంగతి చెబితేగాని తరువాతది అర్థం కాదు. ఆ ప్యాకేజీలో రికార్డులు ఒక చోట, వెతకడానికి వాడే సూచిక ఇంకో చోట ఉండేవి. రికార్డు తీసేసినా ఆ కబురు సూచికకు తెలియదు. సాయంత్రం సూచికను మళ్ళీ తయారు చేసేదాకా అది పాత లెక్కే చెబుతుంది. సార్ ఇది నాకు మొదటి వారంలోనే నేర్పారు. నేను మర్చిపోయాను.

ప్లేగు అన్న మాట వచ్చిన మూడో రోజుకు సగం సూరత్ ఖాళీ. రైళ్ళ మీద కూడా జనం. సాంచాలు ఆగిపోయాయి. ఎన్నడూ ఆగని ఆ మోత ఆగేసరికి, గల్లీలో ఎవరు దగ్గినా నాలుగిళ్ళ అవతలికి వినబడేది. దగ్గు వినబడితే కిటికీలు మూసుకునేవారు. సరిగ్గా ఆ వారమే మా ఆయనకు జ్వరం తగిలింది. ఊరికి పోదామంటే స్టేషన్‌లో జ్వరమున్న వాళ్ళను పక్కకు నిలబెడుతున్నారని చెప్పుకున్నారు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలంటే నాకు ఇంకా భయం. ప్లేగు లేని మనిషిని కూడా అక్కడ పడుకోబెడితే ప్లేగుతో వస్తాడని నేను నమ్మాను. జ్వరమని తెలిస్తే గల్లీవాళ్ళు గదికి బయటినుంచి తాళం వేస్తారని కూడా నమ్మాను. నిజమో కాదో అడిగే ధైర్యం ఎవరికుంది? ఆయనకు దుప్పటి కప్పి, తలుపు దగ్గరగా వేసి, రోజూలాగే లైబ్రరీకి వెళ్ళాను. పనికి పోకపోతే ఇంట్లో ఎవరికో బాగాలేదని అనుమానిస్తారు.

లైబ్రరీ పాఠకులకు మూసే ఉంది. సార్ మాత్రం పొద్దున రెండు గంటలు వచ్చి ఫ్లాపీలు ఎక్కించుకునేవారు. ఆ రోజు మేమిద్దరం ఉండగా ముగ్గురు మనుషులు వచ్చారు, ముక్కులకు రుమాళ్ళు కట్టుకుని. ఒకాయన మునిసిపాలిటీ ఆరోగ్య విభాగం ఉద్యోగి. మిగతా ఇద్దరు ఆ పేటలో కమిటీ అంటూ తిరుగుతున్నవాళ్ళు. ఉద్యోగి చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, దానిలో మా లైబ్రరీ తెలుగు పుస్తకం. ముందురోజు ఎవరో ఒక మనిషిని ఆసుపత్రి గేటు దగ్గర వదిలి పారిపోయారు. అతను మాట్లాడకుండానే ప్రాణం వదిలాడు. అతని సంచిలో ఈ పుస్తకం తప్ప ఇంకేమీ లేదు.

"యే కౌన్ థా? పతా చాహియే" అన్నాడు ఉద్యోగి, ఇతనెవరో, చిరునామా కావాలని. అతనితో ఒకే గదిలో ఉన్నవాళ్ళను పట్టుకుని మందులివ్వాలి, ఆలస్యమైతే వాళ్ళు కూడా పోతారు, రైలెక్కితే ఇంకెందరికో అంటిస్తారు. ఆయన అడిగింది న్యాయమే.

సార్ సంచి ముట్టుకోకుండానే పుస్తకం మీది నంబరు చదివారు. నేను కొట్టాను. తెర మీద పుస్తకం పేరు వచ్చింది, తీసుకున్న తేదీ వచ్చింది. తీసుకున్నవారి గడిలో నంబరు లేదు. మా ఆయన పేరు ఉంది. అదే పేరు, అదే అటక్. చనిపోయినవాడు ఆ పదకొండు మందిలో ఎవరో చెప్పే దారి నా బద్ధకం వల్ల లేకుండా పోయింది.

"ఈ పేరువాళ్ళు ఎంతమంది ఉంటే అంతమంది చిరునామాలు ప్రింటు తీయండి" అన్నాడు ఉద్యోగి హిందీలోనే. "సబ్కో ఉఠా లేంగే" అన్నాడు కమిటీ మనిషి, అందరినీ ఎత్తుకుపోతామని. సార్ వాళ్ళను బయట బెంచీ మీద కూర్చోబెట్టడానికి తీసుకెళ్ళారు.

గదిలో నేనూ ఆ యంత్రమూ మిగిలాం. పేరు కొట్టి వెతికాను. పదకొండు అని వచ్చింది. ఏ మీట నొక్కాలన్నా వణికే నా వేళ్ళు ఆ రోజు వణకలేదు. మా ఆయన రికార్డు తీసి, తొలగించు అన్న మీట నొక్కాను. తరువాత ప్రింటు ఇచ్చాను. ప్రింటరు కీచుమంటూ పది పేర్లు కొట్టింది. పది చిరునామాలు. నాకు ఎంత హాయిగా అనిపించిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సార్ వచ్చి కాగితం తీసుకున్నారు. వేలు పెట్టి లెక్కపెట్టారు. తెర వైపు చూశారు. మళ్ళీ లెక్కపెట్టారు. జీవితంలో మొదటిసారి ఆయన మెల్లగా మాట్లాడటం విన్నాను.

"తెర మీద పదకొండు ఉన్నది. కాగితం మీద పదే ఉన్నయ్. ఎవర్ని తీసినవ్ బిడ్డా?"

 మెడలో పుస్తెలు పట్టుకుని నిలబడ్డాను. నా నోట రాని పేరు ఎవరిదై ఉంటుందో ఆయనకు దాంతోనే అర్థమైపోయింది.

"ఇంట్ల జ్వరమా?"

"అవును సార్."

"ఎన్ని దినాల సంది?"

"మూడు. దగ్గు లేదు సార్. ఒట్టు, దగ్గు లేదు."

సార్ కుర్చీలో కూలబడ్డారు.  "నాక్కూడ భయమైతాంది" అన్నారు. "కాని, నువ్వు ఒక్కర్ని తీసినవ్. ఆ పదిండ్లల్ల గూడ ఆడోళ్ళున్నరు గద. వాళ్ళ చేతిల కంప్యూటర్ లేదు, గంతే తేడా" అన్నారు.

ఆయన నన్ను కొట్టినా నాకు అంత తగిలేది కాదు.

"మళ్ళ పెట్టు. నువ్వే పెట్టు" అన్నారు. ఆ ప్యాకేజీలో తొలగించిన రికార్డు నిజంగా పోదు, గుర్తు పెట్టుకుని దాక్కుని ఉంటుంది. దాన్ని వెనక్కి తెచ్చాను. ఈసారి వేళ్ళు వణికాయి. పదకొండు పేర్ల కాగితం మళ్ళీ తీశాం.

ఆ కాగితాన్ని సార్ జేబులో పెట్టుకున్నారు. బయటికెళ్ళి తన గుజరాతీ హిందీ కలగలిపి వాళ్ళతో అన్నారు: తప్పు మా యంత్రానిది కాదు, నాది. నంబరు రాయాల్సిన చోట నేను పేరు రాయించాను. మీరు గుంపుగా పదకొండు ఇళ్ళకు వెళితే మొదటి ఇంటి దగ్గరే కబురు పొక్కుతుంది, అసలువాళ్ళు పారిపోతారు. నన్ను అందరూ ఎరుగుదురు. మూడు గంటల దాకా సమయమివ్వండి, ఆ గదివాళ్ళను నేనే తెస్తాను. కమిటీవాళ్ళు ఒప్పుకోలేదు. ఉద్యోగి అలిసిపోయి ఉన్నాడు, సార్ ముఖం కాసేపు చూసి, "తీన్ బజే. ఉస్కే బాద్ మై ఆఊంగా" అని వెళ్ళాడు. మూడు దాటితే తానే వస్తానని.

"నడువు, మొదలు మీ ఇంటికి" అన్నారు సార్. సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని మా గల్లీకి తీసుకొచ్చారు. తలుపులన్నీ ఒక్కో వేలంత తెరుచుకున్నాయి. మా గది ముందు సైకిల్ ఆపి, ఆయన తన మామూలు గొంతుతో, అంటే గల్లీ అంతా వినేటట్టు అరిచారు.

"ఏంది తమ్మీ! పుస్తకం తీస్కపోయి నెలైతాంది. చదువుతానవా, తలకింద పెట్టుకుని పంటానవా? జర బయటికి రా!"

గల్లీలో ఎవరో నవ్వారు కూడా. తలుపులు మూసుకున్నాయి. ప్లేగు రోజుల్లో కూడా పుస్తకం వసూలుకు వచ్చే పిచ్చివాడిని చూసి ఎవరు అనుమానిస్తారు? ఆ రోజు ఆయన పదకొండు గుమ్మాల ముందు అదే కేక వేశారట.

లోపలికొచ్చి రుమాలు సవరించుకుని మా ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టారు. చెయ్యి పెట్టే ముందు ఒక్క క్షణం ఆగారు. ఆ క్షణం నేను చూశాను. చలి ఎట్లా వస్తోంది, ఏ వేళకు వస్తోంది, చెమట పట్టి తగ్గుతోందా అని అడిగారు. తరువాత, ఊరు వదలకుండా ఉన్న ఒక డాక్టరు దగ్గరికి చీటీ రాసిచ్చి మమ్మల్ని రిక్షా ఎక్కించారు. డాక్టరు రక్తం చుక్క గాజుపలక మీద తీసుకుని చూసి మలేరియా అన్నారు. మలేరియా అన్న మాటకు సంతోషంతో ఏడ్చిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

సార్ మిగతా పది ఇళ్ళకు ఒక్కరే వెళ్ళారు. కొన్నిటికి తాళాలు. కొన్నింటి లోపలినుంచి తిట్లు. వడోద్ అనే పేటలో ఒక గది తలుపు లోపల గడియ పెట్టి ఉంది, పుస్తకం అనగానే లోపల ఎవరో ఏడ్చారు. నలుగురు పిల్లగాళ్ళు. స్నేహితుణ్ణి గేటు దగ్గర వదిలి పారిపోయి వచ్చినవాళ్ళు వాళ్ళే. సార్ గడప బయట నేల మీద కూర్చుని, మూసిన తలుపుతో చాలాసేపు మాట్లాడారట. ఏం మాట్లాడారో ఆయన చెప్పలేదు. ఆ నలుగురిలో ఒకతను తరువాత లైబ్రరీకి వచ్చినప్పుడు నాతో అన్నాడు: "గాయన ఏమనలే అక్కా. నాక్కూడ భయమైతాంది, ఒక్కన్ని పోలేను, మీరు తోడు రాండ్రి అన్నడు. గంతే, తలుపు తీసినం." మూడు కాకముందే ఆసుపత్రికి చేరారు. ఇద్దరికి అప్పటికే జ్వరం. నలుగురూ బతికారు.

సార్ అటునుంచి అటే ఇంటికి వెళ్ళి, భార్యాబిడ్డలను సూరత్ బయట కిమ్ అనే ఊళ్ళో చుట్టాలింటికి పంపి, తనొక్కరే తలుపేసుకున్నారు. మందు బిళ్ళలు మింగుతూ వారం రోజులు. మా ఆయనకు చలి తగ్గుతోంది, నాకు భయంతో మొదలైంది. నంబరు కొట్టి ఉంటే ఆయన ఒక్క ఇంటికి వెళితే సరిపోయేది, పదకొండు గుమ్మాలు ఎక్కాల్సిన పని లేదు. ఆయనకేమైనా అయితే నేనే చంపినట్టు. రోజూ పొద్దున ఆ ఇంటి ఎదుటి గోడ దగ్గర నిలబడేదాన్ని. ఆయన కిటికీలోకి వచ్చి చెయ్యి ఎత్తేవారు. అయిదో రోజు రావడం ఆలస్యమైంది. ఆ కాసేపట్లో నేను మొక్కని దేవుడు లేడు. వచ్చి, "నిద్రపట్టింది బిడ్డా, ఏం గాలే. పో, అన్నం తిను" అని అరిచారు.

మళ్ళీ లైబ్రరీ తెరిచిన రోజు ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కొత్త గళ్ళ కాగితం ముందేసుకుని సభ్యుల గడులు మళ్ళీ గీశారు. అసలు ఇంటిపేరు, సొంత ఊరు, తండ్రి పేరు. తీసుకున్నవారి గడిలో అంకెలు తప్ప అక్షరం పడకుండా చేశారు. నేను చనిపోయినతని రికార్డు తీసెయ్యమంటారా అని అడిగాను.

"తీసుడు వద్దు. చనిపోయిండు అని రాయి. మనిషి పోతే పోయిండని రాయాలె గని, లేడని రాయద్దు" అన్నారు.

ఆయన రిటైరయ్యే రోజు, దండలవీ అయ్యాక, ధైర్యం చేసి అడిగాను, ఆ రోజు నన్నెందుకు పనిలోంచి తీసెయ్యలేదని. "తీసేస్తే మాత్రం సూచికల ఉంటవ్ గద" అని పెద్దగా నవ్వారు. ఆ తరువాత ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను. ప్యాకేజీలు మారాయి, ఆ పాత రికార్డులన్నీ కొత్తవాటిలోకి నేనే ఎక్కించాను. మూడు కాపీలు తీయందే నేను ఇప్పటికీ ఇంటికి పోను.

దినం నాడు మా ఆయన సార్ ఫొటో ముందు నిలబడి అందరికీ చెప్పారు. "పదకొండు మందిల మొదలు నా ఇంటికే వచ్చిండు. నేనంటే గంత పాణం సార్‌కు. ఎందుకట్ల మొదలు నా తానికే వచ్చిండో నాకిప్పటికి సమజ్ గాదు." ఈ మాట ఆయన ముప్పై ఏళ్ళుగా చెబుతున్నారు. సార్ కూడా ఎన్నోసార్లు విన్నారు, విని నా వైపు చూడకుండా తల ఊపేవారు.

సార్ గురించి రాస్తున్నానంటే నిన్న మా ఆయన ఎంతో సంబరపడ్డారు. "నా ముచ్చట గూడ రాయి, మొదలు మనింటికే వచ్చిండని రాయి" అన్నారు. రాశాను. ఇప్పుడు పక్కగదిలో కళ్ళద్దాలు తుడుచుకుని కూర్చున్నారు. "అయిపోయిందా? ఇటు తే, నేనే మొదలు చదువుత" అంటున్నారు. కాగితాలు ఒకదాని మీద ఒకటి సర్ది, లేచి నిలబడ్డాను.